కడుపులో నీటి గడ్డ: ముక్క పరీక్ష ఎందుకు, ఎలా

(హన్మకొండలో వైద్య విద్యార్థులు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆశా కార్యకర్తలు, పట్టణ పౌరులు హాజరైన సభలో ఒక పాథాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

కడుపులో నీటి గడ్డ ఉందని స్కానింగ్ రిపోర్టులో రాసి ఉంటే ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. "క్యాన్సర్ అయితే కాదు కదా సార్?" అన్నదే వారి మొదటి ప్రశ్న. ఇవాళ నేను మాట్లాడబోయే గడ్డల విషయంలో ఆ ప్రశ్నకు జవాబు చాలా వరకు "కాదు" అనే ఉంటుంది. అయితే ఆ మాటను స్కానింగ్ చూసి చెప్పడం వేరు, ఆపరేషన్‌లో తీసిన తిత్తిని కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద దాని లోపలి పొరను చూసి చెప్పడం వేరు. మొదటిది అంచనా, రెండోది నిర్ధారణ. చికిత్స అంచనా మీద మొదలైతే కావచ్చు గాని, ఆ మనిషి ఇక నిశ్చింతగా ఉండవచ్చని చెప్పడానికి మాత్రం నిర్ధారణ ఉండి తీరాలని నా గట్టి నమ్మకం.

అండాశయపు తిత్తులు, మూత్రపిండంలో కనిపించే నీటి బుడగలు, కాలేయంలోని సాదా తిత్తులు మనకు తరచుగా ఎదురయ్యేవే కాబట్టి వాటిని ఈ రోజు పక్కన పెడుతున్నాను. నేను తీసుకున్న విషయం అంతకన్నా అరుదైన తిత్తులు. పేగులను వీపు వైపు గోడకు పట్టి ఉంచే మెసెంటరీ అనే పొరలోనూ, పేగుల మీద కప్పినట్టు వేలాడే ఓమెంటం అనే కొవ్వు పొరలోనూ, ఆ వెనుక వెన్నెముకకు ముందున్న చోటులోనూ ఇవి పుడతాయి. ఆసుపత్రుల్లో చేరే పెద్దవారిలో సుమారు లక్ష మందికి ఒకరిలో, పిల్లల్లో సుమారు 20,000 మందికి ఒకరిలో ఇవి కనబడతాయని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. ఇంత అరుదు కావడం వల్లనే ఆపరేషన్‌కు ముందు వీటిని సరిగ్గా ఊహించడం అనుభవజ్ఞులకు కూడా కష్టమవుతుంది.

వీటి చరిత్ర మాత్రం పాతదే. ఫ్లారెన్స్ నగరపు వైద్యుడు ఆంటోనియో బెనివియేని శవపరీక్షలో చూసిన ఇటువంటి తిత్తి వివరణ 1507లో అచ్చయింది. దీన్ని విజయవంతంగా కోసి తీసిన మొదటి శస్త్రవైద్యుడిగా ప్యారిస్‌కు చెందిన టిల్లో పేరు, సంవత్సరంగా 1880 చెబుతారు. ఆయన పేరుతోనే పిలిచే ఒక లక్షణాన్ని ఇక్కడున్న విద్యార్థులు తప్పక చేతికి అలవాటు చేసుకోవాలి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి గడ్డను నెమ్మదిగా కదిపితే అది పక్కలకు సులువుగా జరుగుతుంది, పైకీ కిందికీ అంతగా జరగదు. మెసెంటరీ మొదలు రెండో నడుము వెన్నుపూసకు ఎడమ పక్క నుంచి కుడి పొత్తికడుపు దాకా దాదాపు 15 సెంటీమీటర్ల ఏటవాలు గీతలా వెనుక గోడకు అతుక్కుని ఉంటుంది కనుక, ఆ పొరలో పుట్టిన గడ్డ ఆ గీతకు అడ్డంగా జరగగలదే గాని గీత వెంట జరగలేదు. స్కానింగ్ యంత్రం ఊరూరా వచ్చిన ఈ కాలంలో కూడా ఈ చేతి పరీక్ష విలువ తగ్గలేదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, తిత్తి మరీ పెద్దదై పొట్టంతా నిండినప్పుడు అల్ట్రాసౌండ్‌లో అది జలోదరంలా, అంటే కడుపంతా నీరు చేరినట్టు, కనిపించగలదు. ఆడవారిలోనైతే అండాశయపు తిత్తి అని పొరబడే అవకాశం ఎక్కువ. దీనికి తలకిందులు కూడా ఉంది: కడుపులో టీబీ వచ్చినప్పుడు పేగులూ పొరలూ ఒకదానికొకటి అతుక్కుని మధ్యలో నీరు చిక్కుకుపోయి, అచ్చం తిత్తిలాగే తెర మీద కనిపిస్తుంది. మన ప్రాంతంలో టీబీ ఇంకా తక్కువ కాలేదు కాబట్టి కడుపులో నీరు అనగానే వైద్యుడి మనసు ముందు అటు వెళ్లడం సహజం, న్యాయం కూడా. అందుకే వీలున్న చోటల్లా ముక్క తీసి చూసిన తరువాతే నెలల తరబడి మందుల నిర్ణయం జరగాలని కోరుకుంటాను.

ఇక అసలు విషయానికి వస్తాను. తిత్తి ఏ జాతిదో తేల్చేది దాని గోడ, అందులోనూ గోడకు లోపలి వైపున ఉండే పొర. చాలా తిత్తుల్లో ఈ పొర మందం ఒకే ఒక్క కణం. 1987లో రోస్, ఆయన సహచరులు మెసెంటరీ, ఓమెంటం తిత్తులను గోడ నిర్మాణాన్ని బట్టే విభజించారు. 2000లో డి పెరో, ఆయన సహచరులు ఆ విభజనను మరింత విస్తరించారు. అంతకు ముందు, 1950లో బియర్స్ చేసిన విభజన తిత్తి ఎందుకు పుట్టిందన్న కారణం మీద ఆధారపడింది. కారణాన్ని ఊహించడం కన్నా కళ్లెదుట కనిపించే కణాన్ని ప్రమాణంగా తీసుకోవడం మేలని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే మైక్రోస్కోపు కింద ఆ కణాన్ని ఇద్దరు వైద్యులు చూసి ఒకే మాట చెప్పగలరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఒక యువకుడి మెసెంటరీ నుంచి తీసిన తిత్తి, మేము కంటితో చూసి ముక్కలు కోసే గ్రాసింగ్ బల్ల మీదికి వచ్చిందనుకోండి. సీసా మీద పేరు, ఆసుపత్రి నంబరు, ఫారంలోని వివరాలతో సరిపోయాయో లేదో చూడటం మొదటి పని. తరువాత తిత్తిని సీసాలోంచి తీసి తూకం వేస్తాం, మూడు వైపులా కొలుస్తాం, పై తలం నున్నగా ఉందా, ఎక్కడైనా చిరిగిందా, పేగు ముక్క ఏదైనా అతుక్కుని ఉందా అని తిప్పి తిప్పి చూస్తాం. శస్త్రవైద్యుడు కోసిన అంచు ఏదో తరువాత గుర్తుపట్టడానికి ఆ చోట రంగు సిరా పూస్తాం. అప్పుడు కత్తితో తెరుస్తాం. లోపల తేట నీరు రావచ్చు, పాలలాంటి తెల్లని ద్రవం రావచ్చు, నెత్తుటి రంగు నీరు రావచ్చు, జిగురు రావచ్చు. తెల్లగా వస్తే అది పేగుల నుంచి కొవ్వును మోసుకొచ్చే శోషరసం అయి ఉండే అవకాశం ఎక్కువ. జిగురుగా వస్తే మా జాగ్రత్త వెంటనే రెట్టింపు అవుతుంది, ఆ కారణం తరువాత చెబుతాను.

ద్రవం పోయాక లోపలి గోడను వెలుతురుకు పెట్టి, చేతి వేలితో నెమ్మదిగా తడిమి చూస్తాం. అంతా కాగితమంత పలుచగా, నునుపుగా ఉందా, ఎక్కడైనా దళసరిగా తగిలిందా, చిన్న మొలకలా ఏదైనా లేచి ఉందా? ఆ దళసరి చోటే ముక్కలు ఎక్కువగా తీసుకోవాలి. నునుపైన భాగం నుంచి ఒకటి రెండు ముక్కలు తీసి పని ముగించడం ఈ పరీక్షలో జరగగల అతి పెద్ద లోపం. జిగురు తిత్తి అయితే దాని పొడవులో ప్రతి సెంటీమీటరుకు కనీసం ఒక ముక్క చొప్పున తీసి చూడాలన్నది మేము పాటించే పద్ధతి.

తీసిన ముక్కలు చిన్న ప్లాస్టిక్ క్యాసెట్లలోకి వెళ్తాయి. ఆల్కహాలు వాటిలోని నీటిని లాగేస్తుంది, జైలీన్ ఆ ఆల్కహాలును తొలగిస్తుంది, దాదాపు 60 డిగ్రీల వేడిలో కరిగిన పారాఫిన్ మైనం ఆ ఖాళీల్లోకి ఇంకి చల్లారి దిమ్మెగా గట్టిపడుతుంది. ఆ దిమ్మెనే మేము బ్లాకు అంటాం. దాన్ని మైక్రోటోమ్ మీద మూడు నుంచి ఐదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందంలో తరిగి, గాజు పలక మీద పరిచి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు పట్టిస్తాం. కణకేంద్రకం నీలంగా, మిగిలిన భాగం గులాబీగా కనబడుతుంది. ఈ పని ముఖ్యంగా టెక్నీషియన్ చేతి మీద నడుస్తుంది. దిమ్మెలో ముక్కను నిలువుగా నిలబెట్టకుండా బల్లపరుపుగా పడుకోబెడితే, ఒక్క కణం మందమున్న ఆ లోపలి పొర అసలు కంటికే రాదు. ఇక్కడ కూర్చున్న టెక్నీషియన్లకు నా మనవి ఇది: తిత్తి గోడ ముక్కను అంచు మీద నిలబెట్టి దిమ్మె పోయండి. ఎంత అనుభవజ్ఞుడైన పాథాలజిస్టయినా గాజు పలక మీదికి రాని కణాన్ని చూడలేడు.

ఇప్పుడు పలక మైక్రోస్కోపు కింద ఉంది. లోపలి పొర కణాలు చదునుగా, పలుచగా ఉండి, వాటి కింది గోడలో అక్కడక్కడ మృదు కండరపు పోగులూ, లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల గుంపులూ, కొవ్వును మింగిన నురుగులాంటి కణాలూ కనబడితే అది శోషరస నాళాల నుంచి పుట్టిన లింఫాంజియోమా. పొర కణాలు చదునుగానో, కాస్త ఘనాకారంలోనో ఉండి, కండరపు పోగులు గానీ లింఫోసైట్ల గుంపులు గానీ లేకపోతే అది కడుపు లోపలి పొర కణాల నుంచి వచ్చిన మీసోథీలియల్ తిత్తి. పేగులో ఉండే తీరులోనే శ్లేష్మపు పొర, దాని బయట చక్కగా రెండు వరుసల్లో మృదు కండరం ఉండి, అసలు పేగును అతుక్కుని ఉంటే అది పుట్టుకతో వచ్చిన పేగు నకలు తిత్తి, అంటే డూప్లికేషన్ సిస్ట్. ఇది ఎక్కువగా పిల్లల్లో, చిన్నపేగు చివరి భాగంలో దొరుకుతుంది. దాని లోపల కొన్నిసార్లు జీర్ణాశయపు పొర ఉంటుంది. ఆ పొర యాసిడ్ స్రవించి పుండు చేస్తుంది కనుక, కారణం తెలియకుండా మలంలో రక్తం పోతున్న పిల్లల విషయంలో దీన్ని గుర్తుంచుకోవాలి.

లోపల ఏ పొరా లేకుండా, గోడంతా నారలాంటి కణజాలంతో, పాత నెత్తురు విడిచిన ఇనుముతో కూడిన గోధుమ రంగు రేణువులతో ఉంటే అది నకిలీ తిత్తి. దెబ్బ తగిలి నెత్తురు గడ్డకట్టిన చోట, క్లోమం వాచి దాని రసం కారిన చోట ఇది ఏర్పడుతుంది. సైకిల్ హ్యాండిల్ పొట్టలో గుచ్చుకున్న పిల్లల్లో కొద్ది వారాల తరువాత ఇటువంటిది బయటపడటం వైద్యులకు తెలిసిన సంగతే. కానీ పొర కనిపించలేదు కాబట్టి నకిలీ తిత్తి అని వెంటనే రాసేయడం కూడా సరికాదు. చీము పట్టినా, లోపల నెత్తురు కారినా, ఆపరేషన్‌లో గట్టిగా నొక్కినా అసలైన పొర ఊడిపోతుంది. మరిన్ని ముక్కలు తీసి వెతికితే ఏదో ఒక మూల కొన్ని కణాలు మిగిలి ఉండవచ్చు. ఆ కొన్ని కణాల కోసం మళ్లీ సీసా తెరిచి వెతికే ఓపిక ఈ వృత్తిలో చాలా ముఖ్యమైన గుణమని నేను భావిస్తాను.

జిగురు గురించి చెబుతానన్నాను. పొడవాటి కణాలు జిగురును స్రవిస్తూ, వాటి కింద అండాశయంలో ఉండేలాంటి దట్టమైన కణజాలం ఉంటే అది మ్యూసినస్ సిస్టిక్ కణితి. ఇది మామూలు తిత్తి కాదు. ఎక్కువ భాగం నిరపాయంగానే ఉన్నా, ఒక మూల క్యాన్సర్‌గా మారుతూ ఉండే అవకాశం దీనికి ఉంది. అపెండిక్స్‌లో జిగురు నిండి ఉబ్బిన గడ్డ విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి, ఎందుకంటే అది పగిలి జిగురు కణాలు కడుపంతా పరుచుకుంటే తరువాతి చికిత్స చాలా కష్టం. నిరపాయమైనదని రాయడానికి ముందు ఇన్ని ముక్కలు ఎందుకు చూస్తారని, రిపోర్టు ఎందుకు ఆలస్యమవుతుందని అడిగే బంధువులకు నేను ఇచ్చే సమాధానం ఇదే.

రెండు రంగులతో తేలని చోట ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అవసరమవుతుంది. కణంలోని ఒక ప్రత్యేకమైన ప్రొటీన్‌కే అంటుకునే ప్రతిరక్షకాన్ని పలక మీద వేస్తే, ఆ ప్రొటీన్ ఉన్న కణాలు గోధుమ రంగులో తేలతాయి. లింఫాంజియోమా, మీసోథీలియల్ తిత్తి కొన్నిసార్లు కంటికి ఒకేలా ఉంటాయి. కాల్రెటినిన్, డబ్ల్యూటీ1 అనే ప్రొటీన్ల పరీక్షలు మీసోథీలియల్ కణాల్లో రంగు చూపుతాయి, సీడీ31 అనే ప్రొటీన్ పరీక్ష నాళపు కణాల్లో చూపుతుంది. శోషరస నాళాలను గుర్తించడానికి వాడే డీ2-40 అనే పరీక్ష మీసోథీలియల్ కణాల్లో కూడా రంగు చూపుతుంది కాబట్టి, దాన్ని ఒక్కదాన్నే నమ్మి లింఫాంజియోమా అని రాస్తే పొరపాటు పడతాం. పీజీ విద్యార్థులు ఈ ఒక్క సంగతిని గట్టిగా పట్టుకోవాలి.

ఈ తేడా తేల్చడం వల్ల రోగికి ఒరిగేదేమిటని మీరు అడగవచ్చు. చాలా ఉంది. లింఫాంజియోమాను పూర్తిగా తీసేస్తే సాధారణంగా కథ అక్కడితో ముగుస్తుంది, అంచులో కొంత మిగిలిపోతే తిరిగి పెరుగుతుంది. అదే, ద్రాక్ష గుత్తిలా అనేక చిన్న తిత్తులతో వచ్చే మల్టీసిస్టిక్ మీసోథీలియోమా సంగతి వేరు. 1979లో మెనెమేయర్, స్మిత్ అనే వైద్యులు దీన్ని మొదట వివరించారు. పిల్లలను కనే వయసులో ఉన్న ఆడవారిలో ఇది ఎక్కువగా కనబడుతుంది. అంతకు ముందు కడుపులో ఆపరేషన్ జరిగి ఉండటం, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు లోపలి పొరలాంటి కణజాలం గర్భాశయం బయట పెరగడం) ఉండటం తరచుగా దీనితో ముడిపడి ఉంటాయి. ఇది తిరిగి తిరిగి వచ్చే స్వభావం గలది కాబట్టి ఏళ్ల తరబడి స్కానింగ్‌తో కనిపెట్టి ఉండాలి. రిపోర్టులో మీసోథీలియోమా అన్న మాట చూసి, ఆస్‌బెస్టాస్ దుమ్ము వల్ల వచ్చే ప్రాణాంతక క్యాన్సర్ అనుకుని కుటుంబాలు కుంగిపోతాయి. ఇది దానికి చెందినది కాదని విడమరిచి చెప్పవలసిన బాధ్యత రిపోర్టు చేతికిచ్చే వైద్యుడిది.

మన ప్రాంతానికి ముఖ్యమైన ఇంకొక తిత్తి ఉంది, అది హైడాటిడ్ తిత్తి. ఇది కణితి కాదు, ఎకినోకాకస్ అనే పురుగు పిల్లదశ. కుక్క పేగులో కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే ఆ పురుగు గుడ్లు మలంతో బయటకు వస్తాయి, మేతతో గొర్రెల్లోకి, మేకల్లోకి పోతాయి, కడగని కూరగాయలతోనో మురికి చేతులతోనో మనిషి కడుపులోకి చేరతాయి. ఎక్కువగా కాలేయంలో, తరువాత ఊపిరితిత్తుల్లో, అరుదుగా ప్లీహంలో, మెసెంటరీలో తిత్తి కడుతుంది. ఇంట్లో దావత్‌కు యాటను కోసినప్పుడు కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో నీటి బుడ్డలు కనబడితే ఆ ముక్కను కుక్కలకు విసిరేయడం మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. ఆ ముక్క తిన్న కుక్కలో పురుగు మళ్లీ పెరుగుతుంది. ఆ ముక్కను లోతుగా పాతిపెట్టాలి, లేదా కాల్చేయాలి. ఆశా కార్యకర్తలు ఈ మాటను గడప గడపకూ చేరవేయగలరు.

హైడాటిడ్ తిత్తిని తెరిచినప్పుడు లోపల లేత కొబ్బరి మీగడలాంటి తెల్లని పొర సులువుగా విడివడి వస్తుంది. మైక్రోస్కోపు కింద అది కణాలే లేని, వరుసలు వరుసలుగా పేర్చిన పొర. పీఏఎస్ అనే రంగులో అది ముదురు గులాబీగా మెరుస్తుంది. నీటి అడుగున దిగిన ఇసుకలాంటి మడ్డిలో పురుగు తలలూ, వాటి చిన్న కొక్కేలూ కనబడితే ఇక అనుమానమే లేదు. ఈ అనుమానం ముందే ఉంటే రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ చూసుకోకుండా సూది గుచ్చకూడదు. ఆ నీరు కడుపులోకి కారితే ప్రాణాల మీదికి తెచ్చే అలర్జీ రావచ్చు, కారిన చోటల్లా కొత్త తిత్తులు మొలవవచ్చు. సూదితో చేసే చికిత్స కూడా ఉంది గాని, దాన్ని ఆల్బెండజోల్ మందు రక్షణలో, అన్ని ఏర్పాట్లతో, తెలిసినవారే చేయాలి.

"కత్తి తగిలితే గడ్డ క్యాన్సర్ అవుతుంది" అనే భయం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. కత్తి తగలడం వల్ల నిరపాయమైన గడ్డ క్యాన్సర్‌గా మారదు. ముక్క పరీక్షకు పంపారంటే క్యాన్సర్ అని అర్థం కాదు. క్యాన్సర్ కాదని రాసి ఇవ్వగలిగేది కూడా ఆ పరీక్షే. కొన్ని తిత్తులను గుచ్చకుండా మొత్తంగానే తీయాలన్న నియమం నిజమే, అయితే దానికి కారణం ఇప్పుడు చెప్పిన హైడాటిడ్ నీరూ, జిగురు కణాలూ చిందకుండా చూడటం.

ఇక పంపే పద్ధతి. వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959లో మొదలైంది. ఇటీవలి ఏళ్లలో మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగుల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అయినా చిన్న పట్టణంలో తీసిన తిత్తి పరీక్ష జరిగే చోటికి బస్సులోనో కారులోనో ప్రయాణం చేయవలసే వస్తోంది. ఆ ప్రయాణంలో దాన్ని కాపాడేది ఫార్మలిన్. 10 శాతం ఫార్మలిన్, తిత్తికి కనీసం పది రెట్ల పరిమాణంలో, వెడల్పు మూతి ఉన్న సీసాలో ఉండాలి. ఇరుకు మూతి సీసాలోకి నొక్కి దూర్చిన తిత్తి గట్టిపడ్డాక బయటకు రాదు, పొర నలిగిపోతుంది. సెలైన్‌లో వేసి పంపితే ఎండాకాలంలో చేరేసరికి కణాలు కుళ్లిపోయి ఉంటాయి. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు లోతుకే ఇంకుతుంది కాబట్టి పెద్ద తిత్తిని తీసిన వెంటనే పంపడం, అందిన వెంటనే మేము తెరవడం అవసరం. ఒక్క మినహాయింపు ఉంది. టీబీ అనుమానం ఉన్నప్పుడు చిన్న ముక్కను విడిగా, ఫార్మలిన్ తగలకుండా, శుభ్రమైన సెలైన్ సీసాలో టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్, క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలకు పంపాలి, ఎందుకంటే ఫార్మలిన్‌లో క్రిములు చచ్చిపోయి కల్చర్‌లో పెరగవు. రెండు సీసాల మీదా అందులో ఏముందో స్పష్టంగా రాయాలి.

ఫారం నింపడాన్ని కూడా చికిత్సలో భాగంగానే చూడాలి. వయసు, గడ్డ ఏ చోటి నుంచి వచ్చింది, పేగుకు అతుక్కుని ఉందా, లోపలి నీరు ఏ రంగులో ఉంది, మధ్యలో పగిలిందా, మొత్తం తీశారా లేక కొంత మిగిలిందా, ఇంతకు ముందు ఆపరేషన్లు జరిగాయా అన్న ఏడెనిమిది మాటలు రాస్తే చాలు. తిత్తి ఒక ముక్కే పంపి మిగిలినది పారేస్తే, లేదా పేగు దగ్గర అతుక్కున్న భాగాన్ని వదిలేస్తే, డూప్లికేషన్ సిస్ట్‌ను మేము ఎప్పటికీ నిర్ధారించలేం.

చివరిగా రోగులకూ, వారి ఇంటివారికీ. కుట్లు విప్పించుకుని ఇంటికి వెళ్లిపోయి రిపోర్టు తీసుకోవడానికి తిరిగి రానివారు చాలామంది. ఆ కాగితాన్ని తప్పకుండా తీసుకోండి, డాక్టరుకు చూపించి గడ్డ పేరేమిటి, అంచు శుభ్రంగా ఉందా, మళ్లీ స్కానింగ్ ఎప్పుడు అని అడగండి, దాన్ని పాత స్కానింగ్ ఫిల్ములతో కలిపి దాచుకోండి. రెండో అభిప్రాయం కావాలనుకుంటే మళ్లీ ఆపరేషన్ అక్కరలేదు. మైనపు బ్లాకులూ గాజు పలకలూ ల్యాబుల్లో ఏళ్ల తరబడి భద్రంగా ఉంటాయి. రసీదు రాసిచ్చి వాటిని అడిగి తీసుకుని హైదరాబాద్‌లో గాని, మరెక్కడైనా గాని చూపించుకోవచ్చు. తీసుకునేటప్పుడు బ్లాకు మీది నంబరూ, రిపోర్టు మీది నంబరూ ఒకటేనో కాదో అక్కడే నిలబడి సరిచూసుకోండి.